జోహానెస్‌బర్గ్ గనుల మండలి: బంగారం, ధూళి

ఒక పట్టణంలో బట్టల బజారు ఉన్నదనుకొందాం. అందులో పది దుకాణాలు. ఒక దుకాణానికి దొరికిన బేరం పక్క దుకాణానికి దొరకని బేరమే. కనుక సరకు ఎక్కడ చవకగా వస్తుందో, రంగు వెలియకుండా ఉండటానికి ఏమి కలపాలో ఒక వర్తకుడు మరొకనికి చెప్పడు. ఆ పదిమందీ కలసి సంఘం పెట్టుకొన్నా, అది పన్నులు తగ్గించమని అర్జీలు పంపుకోవడంతో సరి. ఇప్పుడు మరొక విధంగా ఊహిద్దాం. ఆ బజారుకు ఒకే ఒక కొనుగోలుదారు వస్తాడు. ఎవరు ఎంత సరకు తెచ్చినా అంతా కొంటాడు. అందరికీ ఒకే ధర ఇస్తాడు. ఆ ధర తాతల నాటి నుంచి మారలేదు, మారే సూచన కూడా లేదు. అప్పుడు ఆ పదిమంది మధ్య పోటీకి కారణమేమున్నది?

ఇటువంటి బజారు నిజంగానే ఒకటి ఉండేది. అది బంగారపు బజారు. భౌతికశాస్త్ర పాఠాల్లో మనకు పరిచయమైన న్యూటన్ మహాశయుడు ఇంగ్లండు టంకశాలకు అధిపతిగా ఉన్న కాలంలో, 1717లో ఏర్పడిన బంగారపు ధర, యుద్ధకాలపు అంతరాయాలు తప్ప, 1931 వరకు మారలేదు. మేలిమి బంగారం ఔన్సుకు సుమారు 85 షిల్లింగులు. గనిలో కూలి పెరిగినా, బొగ్గు ధర పెరిగినా, ఆ ఖర్చును కొనేవాని మీద వేసే వీలు గని యజమానికి లేదు. అలాగని పక్క గని ఎక్కువ బంగారం తీసిందని ఇతని బంగారం అమ్ముడు కాకుండా పోదు. పక్కవానితో పేచీ లేదు. పేచీ అంతా ఖర్చుతోనే.

దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గ్ నగరంలో 1889లో ఏర్పడిన గనుల మండలి చరిత్ర అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకోవాలి. లోకంలో గని యజమానుల సంఘాలు అనేకం ఉన్నాయి. కాని విజ్ఞానశాస్త్రానికి ఇంత దగ్గరగా మెలగినది, దాని వల్ల ఇంత లాభం పొందినది, ఒక విషయంలో దానికి ఇంత అపచారం చేసినది మరొకటి అరుదు.

1886లో ట్రాన్స్‌వాల్ దేశంలో, విట్‌వాటర్స్‌రాండ్ అనే రాతి గట్టు మీద, లాంగ్‌లాగ్టే అనే వ్యవసాయ క్షేత్రంలో బంగారపు పొర బయటపడింది. ఆ ఏడాదే పక్కన జోహానెస్‌బర్గ్ వెలిసింది. దక్షిణాఫ్రికా నాణానికి 1961లో పెట్టిన ‘రాండ్’ అనే పేరు ఈ గట్టు పేరే. ఇక్కడి బంగారం కాలిఫోర్నియాలో మాదిరి ఏటి ఇసుకలో తళతళలాడుతూ దొరికేది కాదు. సుమారు 290 కోట్ల సంవత్సరాల కిందట నదులు తెచ్చి పోసిన పలుగురాతి గులకలు ఒక పొరగా గట్టిపడి, వాటి సందుల్లో కంటికి కనిపించని రేణువులుగా బంగారం చిక్కుకొని ఉంటుంది. అక్కడి డచ్చి రైతులు ఆ రాతిని చూసి బాదం పప్పులు పొదిగిన తమ మిఠాయి పేరుతో దానిని ‘బాంకెట్’ అన్నారు. మనవారు చూసి ఉంటే వేరుసెనగ అచ్చు అని ఉండేవారు. ఈ పొర పలుచన. టన్ను రాతికి బంగారం కొద్ది గ్రాములే. అయితే అది ఉత్తరపు అంచున నేల పైకి వచ్చి, దక్షిణంగా ఏటవాలుగా దిగుతూ, మైళ్ళ తరబడి తెగకుండా సాగుతుంది. బంగారం కొంచెమే, కాని అది ఉండటం మాత్రం ఖాయం. పలుగు, పార పట్టుకొని వచ్చిన ఒంటరి మనిషికి ఇక్కడ పని లేదు. లోతైన బావులు, రాతిని పిండిచేసే మరలు, ఆవిరి యంత్రాలు, వాటికి పెట్టుబడి కావాలి. కాబట్టి రెండు మూడేళ్ళలోనే గనులన్నీ కొద్దిపాటి పెద్ద కంపెనీల చేతికి వచ్చాయి. ఆ కంపెనీల ప్రతినిధులు కలసి పెట్టుకొన్నదే గనుల మండలి. హెర్మన్ ఎక్‌స్టైన్ దాని మొదటి అధ్యక్షుడు.

మండలి ఏర్పడీ ఏర్పడకముందే పెద్ద ఆపద వచ్చిపడింది. గట్టు పైభాగంలో గాలి, నీరు తగిలి కుళ్ళిన రాతిలో బంగారం విడిగా ఉండేది. రాతిని పొడిచేసి, పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా నీటితో పారిస్తే బంగారం పాదరసానికి అంటుకొనేది. కాని నూరు అడుగులు దాటి కొంత దూరం దిగేసరికి రాయి నీలిరంగుకు తిరిగింది. అందులో ఇనుప మాక్షికం, అంటే ఇనుము, గంధకం కలసిన ఖనిజం, దట్టంగా ఉన్నది. బంగారం దానిని అంటిపెట్టుకొని ఉండి పాదరసానికి చిక్కలేదు. బంగారంలో మూడింట ఒక వంతు, ఒక్కొక్కచోట అంతకంటె ఎక్కువ, ఇసుకతోపాటు కుప్పల్లోకి పోయింది. 1889, 1890 సంవత్సరాల్లో వాటాల ధరలు కూలిపోయాయి. ఊరు వదలి వెళ్ళేవారు వెళ్ళారు.

ఆ ఊరిని నిలబెట్టినది రసాయనశాస్త్రం. సయనైడు ద్రావణంలో బంగారం కరుగుతుందని అంతకు అర్ధశతాబ్దం ముందే తెలుసు. బంగారు పూత పూసేవారు దానినే వాడేవారు. ఈ కరగడానికి ఆమ్లజని అవసరమని 1846లో ఎల్‌స్నర్ చూపాడు. గ్లాస్గో నగరంలోని జాన్ స్టూవర్ట్ మెకార్థర్ అనే రసాయనవేత్త, ఫారెస్ట్ అనే ఇద్దరు వైద్య సోదరులు 1887లో చేసినది ఏమిటంటే, ఈ పాత సంగతిని పరిశ్రమకు పనికివచ్చే పద్ధతిగా మలచడం. వెయ్యి పాళ్ళ నీటికి కొద్ది పాళ్ళు మాత్రమే సయనైడు కలిపిన పలుచని ద్రావణం చాలునని, అంత పలుచనైతేనే అది మాక్షికం జోలికి పోకుండా బంగారాన్ని ఏరుకొంటుందని వారు గ్రహించారు. పిండిచేసిన ఇసుకను పెద్ద తొట్లలో పోసి ఈ ద్రావణంలో నానబెడతారు. విషవాయువు పుట్టకుండా సున్నం కలుపుతారు. తేరిన ద్రావణాన్ని యశదపు తురుము గుండా పోనిస్తే యశదం కరిగి, బంగారం నల్లని మడ్డిగా కిందికి దిగుతుంది. దానిని కడిగి కరగిస్తే బంగారపు కడ్డీ. 1890లో రాండ్ మీద ఈ పద్ధతిని చేసి చూపించారు. కొద్ది సంవత్సరాల్లోనే నూటికి 90 పాళ్ళకు మించి బంగారం చేతికి రాసాగింది. మన చిత్తూరు సరిహద్దుకు ఆనుకొని ఉన్న కోలారు గనుల్లోనూ ఇదే పద్ధతి వచ్చింది. ఆ పట్టణంలో కొండల్లా నిలిచిన బూడిదరంగు ఇసుక దిబ్బలను స్థానికులు సయనైడు దిబ్బలని పిలవడం అందువల్లనే.

పేటెంటు మాత్రం గ్లాస్గో వారిది. వాడుకొన్నందుకు ప్రతి గనీ రుసుము కట్టవలసి వచ్చింది. మండలి తన మొదటి గొప్ప పోరాటం ఇక్కడ చేసింది. సభ్యుల నుంచి చందాలు పోగుచేసి, ఐరోపా నుంచి నిపుణులను రప్పించి, పేటెంటు చెల్లదని వ్యాజ్యం నడిపించింది. ఎల్‌స్నర్ మొదలైన వారి పాత వ్యాసాలు న్యాయస్థానంలో సాక్ష్యాలయ్యాయి. 1896 నవంబరులో ట్రాన్స్‌వాల్ ఉన్నత న్యాయస్థానం, ఇందులో కొత్తదనం లేదని పేటెంటును కొట్టివేసింది. సయనైడు అందరి సొత్తయింది. ఇందులో న్యాయమెంత అన్నది వాదించదగిన విషయమే. శాస్త్రసత్యం పాతదే, కాని దాన్ని తొట్టిలోకి దించే నేర్పు మెకార్థర్‌ది. ఆయన తరువాతి కాలంలో స్కాట్లండులో రేడియం తయారుచేస్తూ గడిపాడు. మండలికి మాత్రం ఒక పాఠం బోధపడింది. ఒక్కొక్క గని విడిగా చేయలేని పనిని అన్నీ కలసి సులభంగా చేయవచ్చు.

నాటి నుంచి ఆ గనుల్లో రహస్యాలు తక్కువ. ఏ గనిలో టన్నుకు ఎంత బంగారం పడింది, ఎంత ఖర్చయింది అన్న లెక్కలు నెలనెలా వెలువడేవి. 1894లో ఏర్పడిన రసాయన, లోహశాస్త్ర సమాజంలో ఒక గని ఇంజనీరు తన పొరపాట్లను పదిమంది ముందు చదివితే, పక్క గని ఇంజనీరు లేచి దిద్దేవాడు. మిగతా పరిశ్రమల్లో కనరాని ఈ ఔదార్యానికి మూలం మనుషుల మంచితనం కాదు, మారని ధర. 1920లో మండలి జెర్మిస్టన్ వద్ద సొంత బంగారు శుద్ధి కర్మాగారాన్ని స్థాపించి, లండనుకు ముడి కడ్డీలను ఓడల మీద పంపే శ్రమను తప్పించింది.

రాజకీయాల్లో ఆ సంఘం పాత్రను క్లుప్తంగా చెప్పినా చాలు. క్రూగర్ ప్రభుత్వం డైనమైట్ అమ్మే హక్కును ఒకే కంపెనీకి ఇచ్చి ధర పెంచడం మీద మండలి సంవత్సరాల తరబడి పోరాడింది. అర్జీలతో ఆగక, 1895 చివర జేమ్‌సన్ జరిపిన దండయాత్ర కుట్రలో మండలి అధ్యక్షుడు లయొనెల్ ఫిలిప్స్ చిక్కుకొన్నాడు. అతనికి మరణశిక్ష పడి, తరువాత 25,000 పౌనుల జరిమానాగా మారింది. 1899లో బోయర్ యుద్ధం వచ్చి, 1902లో ఆ దేశం బ్రిటిషు పాలనలోకి పోయింది.

ఖర్చు తగ్గించే మార్గాలు రెండు. ఒకటి మరల, రసాయనాల మార్గం. రెండవది మనుషుల మార్గం. గనులు కూలీల కోసం పోటీపడితే కూలి పెరుగుతుంది. బంగారం అమ్మేచోట పోటీ లేనివారు, మనుషులను తెచ్చుకొనేచోట మాత్రం పోటీ ఎందుకు పెట్టుకోవాలి? 1896లో మండలి సభ్యులు నల్లజాతి కార్మికుల కూలిని అందరూ కలసి తగ్గించారు. 1900లో మండలి పెట్టిన కార్మిక సేకరణ సంస్థ మొజాంబిక్ మొదలైన దేశాల్లోనూ, 1912లో పెట్టిన మరొకటి దక్షిణాఫ్రికాలోనూ, చుట్టుపక్కల బాసుటోలాండ్ వంటి రాజ్యాల్లోనూ మనుషులను చేర్చుకొని గనులకు పంచిపెట్టేవి. ఒక గని వద్దన్న కూలి ఇవ్వనంటే మరో గనికి పోయే దారి కార్మికునికి లేదు. యుద్ధం తరువాత మనుషులు చాలనప్పుడు, 1904 మొదలు సుమారు 63 వేల మంది చైనీయులను ఓడల మీద తెప్పించారు. 1910 నాటికి వారందరినీ తిప్పి పంపివేశారు. మన మద్రాసు రాష్ట్రపు రేవుల నుంచి ఒప్పంద కూలీలుగా పోయిన తెలుగువారు, తమిళులు చేరినది పొరుగున ఉన్న నేటాలుకు. వారిలో కొందరు అక్కడి బొగ్గు గనుల్లో పనిచేశారు; 1913లో గాంధీజీ పిలుపు మీద సమ్మె కట్టినవారు వారే. ఆ బొగ్గు గనులు ఈ బంగారపు మండలి పరిధిలోనివి కావు.

కార్మికులు గని ఆవరణల్లో కట్టిన పెద్ద కొట్టాల్లో, కుటుంబాలు లేకుండా, ఒప్పందపు నెలలు గడిపి ఊళ్ళకు పోయేవారు. ఉష్ణప్రాంతాల నుంచి వచ్చినవారు న్యుమోనియాతో విపరీతంగా చనిపోతుండటం వల్ల 1913లో ప్రభుత్వం 22వ దక్షిణ అక్షాంశానికి ఉత్తరాన మనుషులను చేర్చుకోవడాన్ని నిషేధించింది. ఇక్కడ మండలి మళ్ళీ శాస్త్రాన్ని ఆశ్రయించింది. 1911లో ఇంగ్లండు నుంచి ఆమ్రోత్ రైట్‌ను పిలిపించి టీకాలు వేయించింది. 1912లో ప్రభుత్వంతో సగం సగం ఖర్చు పెట్టుకొని దక్షిణాఫ్రికా వైద్య పరిశోధన సంస్థను నెలకొల్పింది. రైట్ టీకా ఫలితం తేలలేదు. కాని ఆ సంస్థలో పనిచేసిన స్పెన్సర్ లిస్టర్ న్యుమోనియా సూక్ష్మజీవుల్లో అనేక తెగలున్నాయని, ఒక తెగకు తయారుచేసిన టీకా మరొక తెగకు పనిచేయదని స్పష్టం చేశాడు. నేటి న్యుమోనియా టీకాల వెనుక ఉన్న మూలసూత్రాల్లో అది ఒకటి. పనామా కాలువ దగ్గర దోమలను జయించిన గోర్గాస్‌ను కూడా 1913లో రప్పించారు. ఆయన ఇచ్చిన సలహాల్లో ఆసుపత్రులు, పారిశుద్ధ్యం గురించి చెప్పినవి నచ్చాయి. కిక్కిరిసిన కొట్టాలు తీసివేసి కుటుంబాలతో ఉండే చిన్న ఇళ్ళు కట్టమన్న సలహా నచ్చలేదు. అది ఖర్చుతో కూడిన పని.

ఇక ధూళి విషయానికి వద్దాం. ఈ చరిత్రలో అన్నిటికంటె నిలిచి ఆలోచించవలసినది ఇదే.

1890 ప్రాంతంలో గాలి ఒత్తిడితో నడిచే తొలిచే మరలు రాండ్‌కు వచ్చాయి. సుత్తి, ఉలి పట్టి రోజంతా కొట్టే బెజ్జాన్ని మర గంటల్లో తొలిచేది. పలుగురాయి నూటికి నూరుపాళ్ళు సిలికా. మర దాన్ని మెత్తని పొడిగా చేసి గాలిలోకి చిమ్మేది. బోయర్ యుద్ధం వచ్చి గనులు మూతపడ్డప్పుడు మర పట్టేవారు దేశాలు పట్టి పోయారు. గనులు మళ్ళీ తెరిచేటప్పటికి వారిలో చాలామంది తిరిగి రాలేదు. గనుల ప్రభుత్వశాఖ విచారించగా, యుద్ధానికి ముందు పనిచేసిన 1,377 మంది డ్రిల్లు పనివారిలో 225 మంది అప్పటికే చనిపోయారని తేలింది. వీరంతా శ్వేతజాతివారు, ఎక్కువగా ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవారు, నడివయసు రానివారు. వెంటనే విచారణ సంఘం కూర్చున్నది. ధూళిని అణిచే ఉపాయం చెప్పినవారికి మండలి బహుమతులు ప్రకటించింది. డ్రిల్లు ఉలి మధ్యగా నీరు పారే ఏర్పాటు, పేలుడు తరువాత నీటి తుంపరలు, పనివారు దూరంగా పోయాకనే పేల్చే నియమం క్రమంగా వచ్చాయి.

అయితే ధూళి తగ్గిందో లేదో తెలిసేదెలా? కంటికి కనిపించే ధూళి ప్రమాదకరం కాదు. దాన్ని ముక్కు, గొంతు పట్టి ఆపివేస్తాయి. మిల్లీమీటరులో వెయ్యో భాగాన్ని మైక్రాను అంటారు. అయిదు మైక్రానులకు లోబడిన రేణువులే ఊపిరితిత్తుల చిట్టచివరి గాలితిత్తుల దాకా పోతాయి. అక్కడి రక్షక కణాలు వాటిని మింగి, జీర్ణం చేసుకోలేక చనిపోతాయి. చనిపోయినచోట నారవంటి మచ్చ కడుతుంది. రేణువు తిరిగి బయటపడి మరో కణాన్ని చంపుతుంది. మచ్చలు పెరిగి ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. దీనినే సిలికోసిస్ అంటారు. గని మానివేసిన తరువాత కూడా ఇది పెరుగుతూనే ఉంటుంది; పైపెచ్చు క్షయకు తలుపు తెరుస్తుంది. నీళ్ళు చల్లితే బరువైన ధూళి అణిగి గాలి శుభ్రంగా కనిపిస్తుంది. ప్రాణం తీసే సన్నని ధూళి మాత్రం గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. ధూళిని తూచి చూస్తే తగ్గిందనిపిస్తుంది; లెక్కపెట్టి చూస్తే సంగతి వేరు.

1916లో ప్రభుత్వ గనుల ఇంజనీరు రాబర్ట్ కోట్జే ‘కోనీమీటర్’ అనే పరికరాన్ని తయారుచేశాడు. చేతిలో ఇమిడే చిన్న పిచికారీ వంటిది. స్ప్రింగు వదిలితే అది కొద్దిపాటి గాలిని లోపలికి పీల్చి, జిగట పూసిన గాజు బిళ్ళ మీద వేగంగా కొట్టిస్తుంది. ధూళి బిళ్ళకు అంటుకొంటుంది. దానిని సూక్ష్మదర్శిని కింద పెట్టి రేణువులను లెక్కపెట్టవచ్చు. ప్రపంచంలోని గనులన్నింటికీ ఇది ఆదర్శమయింది. ఆ ఏడాదే వైద్య పరీక్షల కార్యాలయం ఒకటి ఏర్పడి, ఎక్స్ కిరణాలతో కార్మికుల రొమ్మును క్రమం తప్పకుండా చూడసాగింది. 1930లో సిలికోసిస్ మీద మొదటి అంతర్జాతీయ సభ జోహానెస్‌బర్గ్‌లోనే, ఈ మండలి ఆతిథ్యంలోనే జరిగింది. వ్యాధి అదుపులోకి వచ్చిందని అక్కడివారు చెప్పారు. ప్రపంచం నమ్మింది.

కాని ఆ ఎక్స్ కిరణాల పరీక్ష ఎవరికి జరిగిందో గమనించాలి. అది శ్వేతజాతి కార్మికులకు. గనిలో పదింట తొమ్మిదిమంది నల్లజాతివారు. వారిని ఎక్కువగా బరువు తూచి పరీక్షించేవారు. బరువు తగ్గినవానిని విడిగా చూసి, రోగమున్నట్లు తోస్తే ఊరికి పంపేవారు. వారానికి వేలమందిని చూడవలసిన వైద్యుని ముందు ఒక్కొక్కరు నిలిచేది కొద్ది క్షణాలే. సిలికోసిస్ అనేక సంవత్సరాల తరువాత బయటపడే వ్యాధి. ఒప్పందం ముగిసి మొజాంబిక్‌లోని పల్లెకో, బాసుటోలాండ్ కొండలకో పోయిన మనిషికి అక్కడ దగ్గు మొదలైతే, అది జోహానెస్‌బర్గ్ లెక్కల్లోకి ఎక్కదు. రోగి ఊళ్ళో చనిపోతే గని ఆరోగ్యంగానే ఉన్నట్లు. నష్టపరిహారంలోనూ తేడా: తెల్లవానికి పింఛను, నల్లవానికి ఒకసారి ఇచ్చి వదిలించుకొనే కొద్ది సొమ్ము. ఈ జాతిభేదం చట్టంలో 1993 దాకా నిలిచింది.

పలుచని పొరలోని బంగారాన్ని రేణువు రేణువునా లెక్కకట్టగల ఆ సంఘానికి, మనుషులను లెక్కించడం చేతకాక కాదు. ధూళి కొలమానాన్ని సభ్యులందరికీ పంచిపెట్టిన ఐకమత్యమే, నల్లవాని ఊపిరితిత్తులను పరీక్షించకుండా ఉండటంలోనూ కట్టుగా నిలిచింది. ఒక గని యజమాని ముందుకువచ్చి పూర్తిగా పరీక్షలు చేయిస్తే, అతని ఖర్చు పెరగడమే కాక మిగతావారందరి లెక్కలూ అబద్ధమని తేలిపోతుంది. అటువంటి యజమాని రాలేదు.

కూలి విషయంలోనూ అంతే. 1921 చివర బంగారపు ధర పడిపోతుండగా, శ్వేతజాతివారికే ఉద్దేశించిన కొన్ని పనుల్లో తక్కువ కూలికి నల్లవారిని పెట్టాలని మండలి నిర్ణయించింది. తెల్ల కార్మికులు సమ్మెకు దిగారు. 1922 మార్చిలో స్మట్స్ ప్రభుత్వం సైన్యాన్ని, విమానాలను దించి అణిచివేసింది; సుమారు 200 మంది మరణించారు. తరువాత వచ్చిన ప్రభుత్వం 1926లో జాతి అడ్డుగోడను చట్టంగానే చేసింది. 1946 ఆగస్టులో రోజుకు 10 షిల్లింగులు అడుగుతూ డెబ్బైవేలకు పైగా నల్లజాతి కార్మికులు పని ఆపారు. మండలి వారి సంఘాన్ని గుర్తించనైనా లేదు. పోలీసులు కొద్ది రోజుల్లో వారిని గనుల్లోకి తోలారు. ఫ్రాన్సిస్ విల్సన్ అనే ఆర్థికవేత్త ఆ తరువాత లెక్కకట్టి చూస్తే, ధరల పెరుగుదల తీసివేయగా 1969లో నల్ల కార్మికుని కూలి 1911 నాటి కంటె ఏమాత్రం ఎక్కువ కాదని తేలింది. 1911లో తెల్లవాని ఆదాయం నల్లవాని ఆదాయానికి సుమారు 12 రెట్లు. 1969లో 20 రెట్లు. నల్లజాతి గని కార్మికుల జాతీయ సంఘం 1982లో పుట్టింది. దానిని మండలి మరుసటి ఏడు గుర్తించింది.

మండలి చేసిన శాస్త్రసేవను ఇక్కడ తక్కువ చేయరాదు. 1960 జనవరి 21న కోల్‌బ్రూక్ బొగ్గు గనిలో పైకప్పును మోసే బొగ్గు స్తంభాలు ఒకదాని వెంట ఒకటి నలిగి కూలగా 435 మంది లోపల సమాధి అయ్యారు. స్తంభాన్ని ఎంత లావున వదలాలన్నది అంతవరకు అనుభవజ్ఞుల అంచనా మాత్రమే. మండలి పరిశోధనశాలలో పనిచేసిన మిక్లోష్ సాలమన్, మన్రో అనేవారు దీనికి ఒక చక్కని మార్గం ఎంచుకొన్నారు. ప్రయోగశాలలో చిన్న బొగ్గు ముక్కలను నలిపి చూడటానికి బదులు, దేశంలో నిలిచి ఉన్న స్తంభాల గనులు 98, కూలినవి 27 తీసుకొని, వాటి కొలతలను పోల్చి, స్తంభపు వెడల్పు, ఎత్తులను బట్టి దాని బలాన్ని చెప్పే సూత్రాన్ని 1967లో ప్రకటించారు. వెడల్పు పెరిగితే బలం పెరుగుతుంది. ఎత్తు పెరిగితే తగ్గుతుంది. ఏది ఎంత అన్నది సూత్రం చెబుతుంది. సభ్య గనులన్నీ తమ పాత పటాలను, కూలిన చోట్లతో సహా, దాచకుండా ఇచ్చి ఉండకపోతే ఆ సూత్రమే లేదు.

ధూళి పటం అలా బయటికి రావడానికి ఇంకొక ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1990 దశాబ్దంలో వైద్యులు గని ద్వారం దగ్గర కాక, బోట్స్వానాలో, ట్రాన్స్‌కైలో కార్మికులు తిరిగిపోయిన పల్లెల్లో ఎక్స్ కిరణాల యంత్రాలు పెట్టి చూశారు. మాజీ గని కార్మికుల్లో సుమారు నాలుగింట ఒక వంతు మందికి ధూళి వ్యాధి ఉన్నది. వారిలో అనేకులకు అంతవరకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. జాతి వివక్ష ప్రభుత్వం పోయాక 1994లో నియమించిన లియోన్ విచారణ సంఘం, 1900 నుంచి 1993 వరకు ఆ దేశపు గనుల్లో ప్రమాదాల వల్ల చనిపోయినవారు 69 వేలకు పైగా ఉన్నారని లెక్కకట్టింది. ఇందులో సిలికోసిస్, క్షయ వల్ల పల్లెల్లో పోయినవారు లేరు. 1996లో కొత్త భద్రతా చట్టం వచ్చింది. గాలిలో ఘనమీటరుకు సిలికా ధూళి 0.1 మిల్లీగ్రాముకు మించరాదన్న లక్ష్యాన్ని 2003లో పరిశ్రమ, కార్మిక సంఘాలు, ప్రభుత్వం కలసి అంగీకరించాయి.

2011లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం, వ్యాధి పరిహార చట్టం ఉన్నప్పటికీ కార్మికుడు యజమాని మీద నష్టపరిహారానికి వ్యాజ్యం వేయవచ్చునని తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం వేసిన మాజీ కార్మికుడు తీర్పు వినకుండానే, కొద్ది రోజుల ముందు కన్నుమూశాడు. ఆ తరువాత వేలాదిమంది కలసి వేసిన వ్యాజ్యం 2018లో రాజీకి వచ్చింది. ఆరు కంపెనీలు సుమారు 500 కోట్ల రాండ్లు ఇవ్వడానికి ఒప్పుకొన్నాయి. 2019 జూలైలో జోహానెస్‌బర్గ్ న్యాయస్థానం దానిని ఆమోదించింది. 1965 మార్చి 12 తరువాత ఆ గనుల్లో పనిచేసి సిలికోసిస్‌కు, లేదా గనిలో పట్టుకొన్న క్షయకు గురైనవారు, చనిపోతే వారి కుటుంబాలు, ఇందుకు అర్హులు. అంతకు ముందు పనిచేసి పోయినవారికి ఇందులో భాగం లేదు. గనుల మండలి కూడా 2018లో తన పాత పేరు వదలి దక్షిణాఫ్రికా ఖనిజ మండలి అయింది.

సొమ్ము పంచడానికి ఏర్పడిన ధర్మసంస్థకు ఎదురైన మొదటి చిక్కు మనుషులను వెతకడం. లెసోతో కొండల్లో, మొజాంబిక్ తీరంలో, ఈస్టర్న్ కేప్ పల్లెల్లో చెదిరి ఉన్నవారు ఏ గనిలో, ఏ ఏడు, ఎన్ని నెలలు పనిచేశారో రుజువు కావాలి. మండలి ఒకనాడు కూలీలను చేర్చుకోవడానికి పెట్టిన రెండు సంస్థలూ 1977లో ఒకటై తేబా అనే పేరుతో నడుస్తూ వచ్చాయి. ఆ సంస్థ కార్యాలయాలు పల్లెల దగ్గర ఉన్నాయి. చేరినవారి పేర్లు, ఊళ్ళు, గనులు, తేదీలు రాసిన చీటీలు దాని దగ్గర ఉన్నాయి. పరిహారం కోరే దరఖాస్తులను తీసుకోవడానికి ఆ కార్యాలయాలనే ఎంచుకొన్నారు. తండ్రి గనికి పోతూ పేరు రాయించుకొన్న వాకిట్లోనే, అతని కాగితాలు చేతపట్టుకొని కొడుకు వరుసలో నిలబడ్డాడు.